సంతకం పెట్టిన టీచరు

ఒంటిగంటకి ఆసుపత్రిలో సర్టిఫికెట్ల క్యాంపు మూసేస్తామన్నారు. గోడ గడియారంలో పన్నెండూ పదైంది. తాతాజీ ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం, కాగితం మీద ఏమీ లేదు. పెన్ను మూత తీయడం, మళ్లీ పెట్టడం, ఇంతవరకూ జరిగిన పని అదే. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఎన్ని కాగితాలు రాశాడు, సెలవు చీటీలు, బదిలీ అర్జీలు, పిల్లల తల్లిదండ్రులకి ఉత్తరాలు, బడి ఉన్న ఊళ్లోవాళ్లకి పింఛను దరఖాస్తులు సైతం, ఎవరడిగినా నిలబడ్డ పాటున రాసిచ్చేవాడు, ఆ చెయ్యి ఇవాళ కదలడం లేదు. లోపల డాక్టరమ్మ చిన్నపిల్లే, ముప్పై ఉంటాయేమో, మర్యాదగానే మాట్లాడింది. అతని కూతురు సాయిలక్ష్మి ప్రోగ్రెస్ కార్డులు ఐదూ బల్ల మీద వరసగా పరిచి, ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా, తెలుగు చదవడం అన్న గడిలో ఏ, ఏ, ఏ, ఏ, ఏ, వేలుతో చూపించింది. ఆటిజం సంగతి విశాఖపట్నం కాగితంలో ఉందండి, దానికి ఇబ్బంది లేదు, కానీ డిస్లెక్సియా కూడా ఉందని రాయాలంటే ఇవి అడ్డొస్తున్నాయి, ఐదేళ్లు ఇంత బాగా చదివిన పిల్లకి చదవడం రాదని ఎలా రాయను, పైవాళ్లు అడగరా, అంది. అని, కార్డు కింది సంతకం మీద వేలు పెట్టి, ఈ టీచరు ఇప్పుడెక్కడున్నారో కనుక్కోండి, పిల్ల నిజంగా చదివేదో లేదో, ఈ మార్కులు ఎలా వేశారో ఒక కాగితం రాయించి తీసుకురండి, ఇవాళ కాకపోతే మళ్లీ క్యాంపు నాలుగు నెలల తరవాతే, అంది. అలాగేనండి, అన్నాడు తాతాజీ. అని బయటికి వచ్చి ఈ బెంచీ మీద కూర్చున్నాడు. ఆ సంతకం అతనిది.

పక్కన సాయిలక్ష్మి కూర్చుంది, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి. ఎక్కడ కూర్చున్నా అంత చోటు వదులుతుంది, ఆ చోట అమ్మ కూర్చునేది. పన్నెండో ఏడు నడుస్తోంది, ఏడో తరగతి. బెంచీ అంచున సిమెంటు గీత ఒకటుంటే దాని మీద బొటనవేలు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపిస్తోంది, ఎవరైనా గట్టిగా తుమ్మితే మాత్రం ఆపి చెవులు మూసుకుంటోంది. ఇవాళ జడలు బాగానే కుదిరాయి. ఎడమవైపు జడ ముందు వెయ్యాలని తెలుసుకోవడానికి అతనికి పదకొండు రోజులు పట్టింది, ఆ పదకొండు రోజులూ పిల్ల ఎందుకేడుస్తోందో తెలియక తల్లి కోసం అనుకున్నాడు, తల్లి కోసమే, జడ కుడివైపు మొదలవడం కూడా తల్లి లేకపోవడమే కదా. భాద్రపదం వానల్లో మూడు రోజుల జ్వరం, నాలుగో రోజుకి జోగులమ్మ లేదు. పోతూ ఏమీ అప్పగించలేదు, పోతానని తెలిస్తే కదా అప్పగించడానికి. మిక్సీ వేసేముందు చెప్పి వెయ్యాలి, పప్పు అన్నానికి తగలకూడదు, బస్సులో కిటికీ వైపు కాదు, లోపలి వైపే కూర్చోపెట్టాలి, ఇవన్నీ ఒకటొకటే దెబ్బ తగిలాక తెలిశాయి. కొత్త యూనిఫాం వేసుకోనని రెండు రోజులు మొండికేసింది. రెండో రోజు చెయ్యెత్తాడు కూడా. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బీరువా తలుపు తీశాడు, అడుగున బిస్కెట్ల డబ్బా కనిపించింది, మూత తీస్తే గుడ్డముక్కలు, గోరంతేసి గుడ్డముక్కలు, వాటి మీద కంపెనీల పేర్లు, సైజుల అంకెలు. చొక్కాకీ గౌనుకీ మెడ వెనక కుట్టి ఉండే పట్టీలు. పిల్ల వేసుకున్న ప్రతి బట్టకీ ఆ పట్టీ కుట్టు కుట్టుగా విప్పి తీసేది జోగులమ్మ, మెడకి గుచ్చుకుంటోందని పిల్ల చెప్పలేదు కదా, ఎలా కనిపెట్టిందో, కనిపెట్టినదాన్ని పారెయ్యక ఎందుకు దాచిందో. అదే ఇంట్లో ఉన్నాడు అతను, అదే గదిలో పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. ఆమె చేతిలో బ్లేడు ఎందుకుందని ఒక్కసారి తలెత్తి అడగలేదు.

కాంపౌండరు ఎవరో ముప్పై ఎనిమిది అని పిలిచాడు. తమది ముప్పై ఏడు, తమ వంతు ఒకసారి అయిపోయింది, కాగితం తెస్తే వరస లేకుండా లోపలికి రావచ్చంది డాక్టరమ్మ. పొద్దున ఫారంలో తండ్రి ఉద్యోగం అన్నచోట అతను ప్రభుత్వోద్యోగి అని రాశాడు. టీచరు అని రాయలేదు. ఎందుకు రాయలేదో అప్పుడు తెలియలేదు, చేతికి ముందే తెలిసినట్టుంది.

పిల్లని తన బళ్లోనే చేర్చాడు. రోలుగుంట దారిలో ఇద్దరు టీచర్ల బడి, బండి మీద ముందు కూర్చోపెట్టుకుని తీసుకెళ్లేవాడు, కళ్ల ముందుంటుందని అందరికీ చెప్పేవాడు, ఇంకెవరి కళ్లా పడదని తనకి తాను చెప్పుకోలేదు, ఇప్పుడు ఈ బెంచీ మీద చెప్పుకుంటున్నాడు. విశాఖపట్నం డాక్టరు ఇచ్చిన కాగితాన్ని పొలం పట్టాల కింద పెట్టేసిన ఏడాది అది. పిల్ల మాట్లాడేది కాదు, మాట్లాడినా ఎవరో అన్నమాటే తిప్పి అనేది, కాని ఒకటో తరగతి వాచకం చేతికిస్తే పాఠం పాఠమంతా గడగడా చదివింది, ఎక్కడ పేజీ తిప్పాలో అక్కడ తిప్పింది, ఎక్కడ బొమ్మ ఉంటే అక్కడ ఆగింది. ఆ సాయంత్రం బండి మీద ఇంటికొస్తూ అతను ఏడ్చాడు, ఎదురుగాలికి కన్నీళ్లు చెవుల వైపు పోయాయి, డాక్టర్లకేం తెలుసు అనుకున్నాడు, నా చేతిలో పడింది కాబట్టి చదివింది అనుకున్నాడు. ఆ అనుకోవడంలో ఉంది మొత్తం. తనిఖీకి అధికారి వస్తే సాయిలక్ష్మినే లేపి నిలబెట్టేవాడు. మూడో తరగతిలో ఒకాయన విని చప్పట్లు కొట్టి, ఇలాంటి పిల్ల చేత చదివించారంటే మీ దగ్గర ఏదో ఉంది మాస్టారూ అన్నాడు, మరుసటేడు జిల్లాలో ఉత్తమ ఉపాధ్యాయుడు, శాలువా, ఫొటో, ఫొటోలో పిల్ల చెవులు మూసుకుని ఉంది, పక్కన జోగులమ్మ దాని భుజానికి కాస్త దూరంగా చెయ్యి పట్టుకుని ఉంది, తగలకుండా. నోటితో చెప్పించుకున్న ప్రతి పరీక్షకీ ఏ వేశాడు. రాతపరీక్షలో వంకరటింకర గీతలుంటే చేతి బిగువు కుదరడం లేదులే అని, నోటితో వచ్చిందిగా అని, దానికీ ఏ వేశాడు. అదే తరగతిలో అప్పలలక్ష్మి అని ఇంకో పిల్ల ఉండేది, దానికీ అక్షరం నిలిచేది కాదు, కాని ఆ పిల్లకి పాఠం చదివి వినిపించే తల్లి లేదు, విన్నది విన్నట్టు చెప్పే తెలివీ లేదు, పుస్తకం పట్టుకుని నోరు తెరవకుండా నిలబడేది. దానికి సి. సి వేసి, పీరియడంతా నిలబెట్టేవాడు. ఐదు తరవాత బడి మాని తల్లితో జీడిపిక్కలు కొట్టడానికి పోయిందని విన్నాడు. ఒకే జబ్బుకి ఒకే చేత్తో రెండు మార్కులు వేశాడు. ఈ సంగతి కాగితంలో రాయక్కర్లేదు. డాక్టరమ్మ అడగలేదు. ఎవరూ అడగరు.

జోగులమ్మది ఎనిమిదో తరగతి చదువు, కోటవురట్ల పక్క పల్లె. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేది. సాయంత్రం వంటింట్లో పీట మీద పిల్లని కూర్చోపెట్టి రేపటి పాఠం రెండుసార్లు చదివి వినిపించేది, రెండోసారికి పిల్లకి వచ్చేసేది. రెండో తరగతిలో ఒకరోజు అతను వాలుకుర్చీలో కూర్చుని చదవమన్నాడు, పిల్ల పుస్తకం తెరిచి, చెరువు గట్టున కొంగ నిలబడి ఉంది, ఉండమ్మా పాలు పొంగిపోతన్నాయి, కొంగ చేపను చూసింది, అని చదివింది. కళ్లు పుస్తకం మీదే ఉన్నాయి. గొంతు కూడా మారలేదు. అతనికి నవ్వొచ్చింది, పడీ పడీ నవ్వాడు. గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ జోగులమ్మ నవ్వలేదు.

"అది సదవటం నేదండి," అంది. "ఇన్నదే సెప్తంది. అచ్చరాలు దానికి తెలస్తన్నాయో నేదో ఓపాలి సూడండి."

"ఎనిమిది చదివినదానివి నువ్వా నాకు చెప్పేది," అన్నాడు.

గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అని ఉంటే ఆమె తిరిగి ఏమైనా అనేదేమో, పోట్లాడుకునేవాళ్లేమో, పోట్లాటలో ఏదో ఒకటి తేలేదేమో. నెమ్మదిగా, నవ్వుతూనే అన్నాడు, బళ్లో తెలివితక్కువ ప్రశ్న అడిగిన పిల్లతో అన్నట్టు. జోగులమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ వారంలోనే తనిఖీ ఉంది. అధికారి ముందు పాలు పొంగితే బాగుండదని ఆరు రోజులు అదే పాఠం చెప్పించాడు, ఆ చోటు రాగానే స్కేలుతో బల్ల మీద తట్టేవాడు, పిల్ల ఉలిక్కిపడేది, మళ్లీ మొదటి నుంచి. ఆరో రోజుకి పోయింది. ఆ తరవాత మిగతా పాఠాల్లోవీ తీసేశాడు, ఎవరు తలుపు, కూర మాడతంది, ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకోనియ్యే, అన్నీ ఒకటొకటే ఏరి తీసేశాడు, కలుపు తీసినట్టు, మంచి పని చేస్తున్నట్టు. పోయిన నెల ఒక ఆదివారం అటక మీద నుంచి ఆ రెండో తరగతి వాచకం వెతికి దించి, దుమ్ము దులిపి, ఒకసారి చదవమ్మా అన్నాడు. పిల్ల చదివింది. చెరువు గట్టున కొంగ నిలబడి ఉంది, కొంగ చేపను చూసింది. ఇంకోసారి చదివించాడు. మధ్యలో ఏమీ లేదు. జోగులమ్మ గొంతు ఆ ఇంట్లో ఇంకా మిగిలి ఉండగలిగిన చోటు అదొక్కటే.

బెంచీ ఆ చివర చింతపల్లి వైపు మనిషి కూర్చుంది, పదేళ్ల కొడుకు ఆమె మోకాళ్లకి ఆనుకుని నిలబడ్డాడు. పొద్దున్నే జీపు పట్టుకుని కొండ దిగామని, పేరు రాజులమ్మ అని ఎవరూ అడక్కుండానే చెప్పింది. సంచీలోంచి సీతాఫలం తీసి సాయిలక్ష్మి ముందు పెట్టింది, సాయిలక్ష్మి దాని వైపు చూడకుండా గీత మీద వేలు నడుపుతూనే ఉంది.

"పాపకేటైనాది బాబూ?" అంది రాజులమ్మ.

"ఏం లేదమ్మా. చిన్న కాగితం పనుండి వచ్చాం," అన్నాడు.

ఆమె ఇంకేమీ గుచ్చి అడగలేదు. కొడుకు తల నిమురుతూ, మా దేవుళ్లుకి మాట రాదు బాబూ అంది, పుట్టినకాణ్నించీ అంతే, దాసుకుంటే మాటొస్తాదేటి అంది. "మాటొచ్చినోళ్లు మా ఇంట్ల నలుగురున్నారు, ఒక్కడూ నా మాటినడు. ఈడొక్కడే ఇంటాడు," అని తనే నవ్వింది. దేవుళ్లు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. తాతాజీ నవ్వడానికి ప్రయత్నించాడు. ఏం లేదమ్మా, అన్నాడు ఇప్పుడే, ఈ ఆసుపత్రిలో, ఈ బెంచీ మీద, పిల్లకేం లేదని ఇంకోసారి అన్నాడు, ఎవరికి చెబితే ఏం పోతుందో తెలియని మనిషి దగ్గర కూడా. గడిలో ఏ వేసినంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసింది. ఎన్నేళ్ల అలవాటది.

పన్నెండున్నర. హైస్కూల్లో రమణబాబు కనిపెట్టి ఉండకపోతే ఇంకా ఎన్నాళ్లు నడిచేదో. తెలుగు పండిట్, ఇంకా ముప్పై నిండలేదు, పుస్తకంలో లేని పేజీ ఒకటి తనే రాసి పిల్లలందరికీ పంచాడట. సాయిలక్ష్మి ఆ కాగితం పట్టుకుని వేరే పాఠం అప్పజెప్పిందట, పోయిన వారం పాఠం, చక్కగా, పిల్లలు నవ్వితే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరిందట. అబీద్ సెంటర్లో టీ కొట్టు దగ్గర పక్కకి పిలిచి చెప్పాడు, మీకు తెలియదని కాదు మాస్టారూ, పాపకి రెండు రకాల ఇబ్బంది ఉన్నట్టుంది, జ్ఞాపకశక్తి రెండోదాన్ని బయటపడకుండా కప్పేసింది, సర్టిఫికెట్ ఉంటే ప్రత్యేక టీచరు దగ్గర కూర్చోపెట్టొచ్చు, పదో తరగతికి రాసిపెట్టే మనిషినిస్తారు, ఎక్కువ టైమిస్తారు, లేకపోతే ఈ పై క్లాసుల పాఠాలు వినిపించి బట్టీ పట్టించడం ఎవరివల్లా కాదు, పిల్ల నలిగిపోతుంది. తాతాజీ టీ సగంలో పెట్టేసి, నేను ఉత్తమ ఉపాధ్యాయుణ్ని తెలుసా, అన్నాడు. అన్నందుకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుకుంటూ, రమణబాబు కూడా నువ్వన్నదే అన్నాడే, అనబోయాడు, వంటింటి వైపు తిరిగి నోరు కూడా తెరిచాడు.

రాస్తే ఏమవుతుంది. ఒక నకలు పై ఆఫీసుకి పోతుంది. మెమో రావచ్చు. మండలం మీటింగులో వెనక వరసలో గుసగుసలు, సొంత కూతురికి తనే ఏ మార్కులు వేసుకున్నాడట, దాన్ని చూపించి శాలువా కప్పించుకున్నాడట. అన్నీ నిజాలే, గుసగుసగా అనక్కర్లేదు కూడా. రాయకపోతే ఏమవుతుంది. ఆటిజం ఒక్కటే సర్టిఫికెట్లోకి ఎక్కుతుంది, చదవలేకపోవడం పిల్ల తప్పుగా మిగిలిపోతుంది, ఏ మార్కులు తెచ్చుకున్న పిల్లకి ఇప్పుడు ఏమొచ్చింది, బద్ధకం, అంటారు, ఎవరో ఒకరు స్కేలు తీస్తారు. పెన్ను మూత తీశాడు. కింద పేరు చెప్పబడిన విద్యార్థిని అని మొదలుపెట్టి, ఆపి, అది అర్జీ భాష అనిపించి, ఇంకో కాగితం తీసుకుని, సాయిలక్ష్మి నా కూతురు, అని మొదలుపెట్టాడు. సాయిలక్ష్మి నా కూతురు. ఒకటి నుంచి ఐదు తరగతుల వరకు నేనే ఆమెకు టీచర్ని. ఆమె ఎన్నడూ చదవలేదు. విన్న పాఠాన్ని అప్పజెప్పేది. చదవడంలో ఆమెకు నేను వేసిన మార్కులు నిజం కావు. అవి నేను తెలియక వేసినవి. కింద సంతకం పెట్టాడు, కార్డుల మీద ఉన్న సంతకమే. పన్నెండూ నలభై ఐదు.

డాక్టరమ్మ కాగితం చదివి, కార్డు పక్కన పెట్టి చూసి, ఇది మీదేనా అని అడిగింది. అవునండి, అన్నాడు. ఆమె కుర్చీ చూపించింది, సొరుగులోంచి ఒక పేజీ తీసి సాయిలక్ష్మి ముందు పెట్టి, ఇది చదువుతావా అమ్మా, అంది. నాలుగే లైన్లు, పెద్ద అక్షరాలు, ఎక్కడా వినని కథ. సాయిలక్ష్మి పేజీ చూడలేదు. తండ్రి నోటి వైపు చూసింది. అది కళ్లలోకి చూసే పిల్ల కాదు, ఎప్పుడు చూసినా నోటి వైపే చూస్తుంది, అధికారులొచ్చినప్పుడల్లా పాఠంలో మొదటి మాట అతనే పెదాలు కదిపి అందించేవాడు, ఆ ఒక్క మాట దొరికితే మిగతాదంతా దానంతటదే వచ్చేది. ఆ మాట కోసం ఎదురుచూస్తోంది. తాతాజీ పెదాలు బిగించి కూర్చున్నాడు. పంకా తిరుగుతోంది. ఒక నిమిషం అయి ఉంటుంది, ఎక్కువే అయి ఉంటుంది, పిల్ల బొటనవేలు బల్ల అంచు వెతుక్కుని ఆగింది.

"రాదు," అంది సాయిలక్ష్మి.

ఆ మాట ఎవరిదీ కాదు. ఎవరి దగ్గరా విన్నది కాదు. డాక్టరమ్మ మెల్లగా, ఎప్పట్నించి రాదమ్మా, ఇంట్లో ఎవరికైనా చెప్పావా, అంది.

"అమ్మకి సెప్పేను. రెండో తరగతిల." బల్ల అంచు చూస్తూ, "నాన్నకి సెప్పకే, బాధపడతారు అంది."

డాక్టరమ్మ పెన్ను ఆగింది, తాతాజీ వైపు చూడకుండా ఉండటానికి ఆమె ఫారం పేజీ తిప్పింది. బయట ఎవరో నలభై మూడు అని పిలిచారు. అతనికి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషి కనిపించింది, ఆవిడ ముందు మొగుడికే చెప్పింది, మొగుడు నవ్వుతూ ఒక మాటన్నాక, వంటింట్లోకి వెళ్లి, పీట మీది పిల్లకి, నాన్నకి చెప్పకే అని చెప్పింది. ఐదేళ్లు ఇద్దరూ కలిసి దాన్ని దాచారు, అతనికి తగలకుండా.

"ఆ కాగితం ఒకసారి ఇవ్వండమ్మా," అన్నాడు.

డాక్టరమ్మ ఇచ్చింది, తీసేసుకుంటాడేమోనని అనుమానంగానే ఇచ్చింది. తాతాజీ కాగితాన్ని బల్ల మీద పెట్టి, ఆఖరి వాక్యంలో తెలియక అన్న మాట మీద ఒక గీత గీశాడు, కింద ఏముందో కనిపించేటట్టుగా, ఒక్క గీతే. పైన తెలిసి అని రాశాడు. దిద్దిన చోట సంతకం ఉండాలి కాబట్టి, పక్కన ఇంకో సంతకం పెట్టి ఇచ్చాడు.